మార్చి అంటించిన లేబుళ్ళు

తొమ్మిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. తక్కెడలో పెడితే అది గ్రాము కూడా తూగదు. రెండు ప్లాస్టిక్ పట్టీ ముక్కలు, ఒక్కోటి చిటికెన వేలి గోరంత వెడల్పు. ఒకదాని మీద 3, ఇంకోదాని మీద 6. అంతే. ఇంత తేలికైనవి మోయలేక నడుం వంగిపోయిందంటే ఎవరైనా నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

అందుకేనా? కాదు. చూశారా, మొదటి పేరాలోనే ఒక అబద్ధం దొర్లింది. భయం వేసి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి ఇవాళ చెబుతున్నాను. ఇందులో నా ధైర్యం ఎంతో మీరే లెక్కగట్టండి, నాకు మొహమాటం లేదు.

నా పని పెద్ద కంపెనీల సర్వర్లలో నిల్వ ఎడాప్టర్లు పాడైతే తీసి, కొత్తవి పెట్టడం. ఎడాప్టర్ అంటే మీ ఫోను ఛార్జరు కాదు. సర్వరుకీ, సమాచారం దాచే డిస్కుల పెట్టెకీ నడుమ కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసే అరచేయంత కార్డు. సంబంధాలు కుదిర్చే మధ్యవర్తి లాంటిది. ఒక్కరినే నమ్ముకోలేమని రెండు పెడతారు. ఒకటి చెడినా రెండోది బండి లాగుతుంది. యంత్రం ఆపకుండానే చెడినదాన్ని లాగేసి మంచిది పెట్టవచ్చు. ఒక్కటే షరతు: చెడినదాన్నే లాగాలి. ఇది మరీ చిన్న షరతని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది.

ఇది జరిగిన ఆఫీసు మాదాపూర్‌లో. పేరు చెప్పను. ఊరంతా ఉన్న రక్తపరీక్షల కేంద్రాల లెక్కాపత్రం అంతా ఆ కంపెనీ సర్వర్లలోనే నడిచేది. ఎవరి రక్తం ఏ సీసాలో ఉంది, ఏ సీసాకు ఏ ఫలితం వచ్చింది, అన్నీ. నాలుగో అంతస్తులో సర్వర్ గది. ఇనుప బీరువాల్లాంటి రాకులు వరసలుగా ఉండేవి. ఆ గదిని చూసుకునే మనిషి యాదగిరి. మెదక్ వైపు వాడు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. కేబుళ్ళు వెయ్యడం, రాకుల తాళాలు తియ్యడం, ప్రతి తీగకీ ప్రతి కార్డుకీ లేబుల్ అంటించడం అతని పని. కాంట్రాక్టు మనిషి. మెడలో గుర్తింపు కార్డుకి ఆకుపచ్చ పట్టీ. పర్మనెంటు వాళ్ళది నీలం పట్టీ. మూడేళ్ళు ఆకుపచ్చ వేసుకున్నాక, వచ్చే నెల నీలం ఇస్తామని అతనితో ఫారాలు నింపించారు. నీలం వస్తే ఇంటిల్లిపాదికీ దవాఖాన కార్డు. "నీలం పట్టీ పడితే మెడ గూడ జర పొడుగైతది సార్" అని నవ్వేవాడు.

నేను అతన్ని యాదన్నా అని పిలిచేవాణ్ణి. ఇది గుర్తుపెట్టుకోండి. పిలుపు మటుకు అన్నా అనే.

అతని లేబుళ్ళ గురించి చెప్పాలి. చిన్న మిషన్ మీద అంకె కొట్టి, పట్టీ కత్తిరించి, నాలుగు మూలలూ కత్తెరతో గుండ్రంగా తీసేవాడు. మూల కోసుగా ఉంటే ఏసీ గాలికి లేస్తుందట. అంటించాక పక్కకి జరిగి, ఒక కన్ను మూసి చూసేవాడు. వెంట్రుకవాసి వంకర ఉన్నా పీకి మళ్ళీ అంటించేవాడు. "ఎవరు చూస్తారన్నా ఈ వెనకాల?" అని నేను ఏడిపిస్తే, "మీరే చూస్తరు గద సార్, మీ కోసమే" అనేవాడు.

ఇంకో పద్ధతి కూడా అతనే పెట్టాడు, చదివి వినిపించడం. నేను తెర ముందు నిలబడి చెడిన కార్డు ఏ గడిలో ఉందో చెప్పాలి. అతను రాకు వెనక నిలబడి అక్కడి లేబుల్ పైకి చదవాలి. రెండు అంకెలూ కలిస్తేనే చెయ్యి గొళ్ళెం మీదికి పోవాలి. బడిపిల్లాడిలా రాగం తీసి చదివేవాడు. నాకు అదొక చాదస్తంలా అనిపించేది.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. పొద్దున కొండాపూర్‌లో వేరే కంపెనీ తయారుచేసిన యంత్రం ఒకటి చూసి, కొత్తగూడ చౌరస్తాలో ముప్పావుగంట ఇరుక్కుని, ఆకలితో వచ్చాను. మూడింటికి ఇంకో చోట పని. కొత్త కార్డు బయటికి తీస్తే యాదగిరి ఎగాదిగా చూశాడు.

"ఏంది సార్, గీసారి కార్డు తళతళ మెరుస్తున్నది. మీ కంపెనోళ్ళు పెండ్లి కార్డు గిట్ల పంపిన్రా ఏంది?"

నవ్వుకున్నాం. చెడినది మూడో గడిలో అని తెర చెప్పింది. ఆ గడి దగ్గర నారింజ రంగు దీపం మిణుకుమనేలా తెర మీదనే ఆజ్ఞ ఇచ్చాను. చెడిన కార్డును పంపడానికి ఖాళీ పెట్టె కావాలి, అది కింద స్టోరులో ఉంది. నేను ఆగినా సరిపోయేది. ఇద్దరం కలిసి వెళ్ళినా సరిపోయేది. "నువ్వు పెట్టె తెచ్చెయ్యన్నా, ఈలోగా నేను కానిచ్చేస్తా" అన్నాను.

"చదవకుంట తియ్యకుండ్రి సార్. రెండే నిమిషాలు, వస్తున్న" అంటూ పోయాడు.

నేను ఆ రెండు నిమిషాలు ఆగలేదు.

రాకు వెనక తలుపు తీశాను. ఎనిమిది గడులు. కేబుళ్ళ గుత్తి ఒకటి అడ్డంగా వేలాడుతోంది. దాని కింద దీపం ఎక్కడో మిణుకుమంటూనే ఉండి ఉంటుంది. గుత్తి ఎత్తి చూడలేదు. లేబుల్ చూడలేదు. పొద్దున చూసిన యంత్రంలో గడుల లెక్క కుడి నుంచి మొదలవుతుంది. చేతికి ఆ లెక్కే అలవాటైపోయి ఉంది. కుడి నుంచి ఒకటి, రెండు, మూడు. గొళ్ళెం ఎత్తాను. లాగాను.

ఈ యంత్రంలో లెక్క ఎడమ నుంచి. ఎనిమిదింట్లో కుడి నుంచి మూడోది ఎడమ నుంచి ఆరోది. ఆరో గడిలో ఉన్నది రెండో కార్డు. మంచిది. అప్పటికి ఒంటి చేత్తో బండి లాగుతున్నది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. డిస్కుల పెట్టె మీద ఆకుపచ్చ చుక్కలన్నీ ఒక్కసారి ఎర్రబడ్డాయి. గోడ మీది ఫోను మోగడం మొదలుపెట్టింది. నేను ఆ కార్డును మళ్ళీ దాని గడిలోకే నెట్టాను, ఏమీ జరగలేదన్నట్టు. కానీ డిస్కుల దాకా ఇంకా చేరకుండా దాని జ్ఞాపకంలోనే ఉన్న నమోదులు అప్పటికే గల్లంతయ్యాయి. చేతిలో కార్డు తీసినంత సులువుగా కొంప తీశాను.

అప్పుడు లేబుళ్ళు కనిపించాయి. తల ఎత్తితే చాలు, కళ్ళ ముందే ఉన్నాయి. గుండ్రటి మూలలతో, నిటారుగా. నేను లాగిన కార్డు మీద 6. లాగవలసిన కార్డు మీద 3. ఫోను మోగుతూనే ఉంది.

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది. మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

గోటితో మొదటిది పీకాను. రెండోదీ పీకాను. 3 ఉన్న చోట 6, 6 ఉన్న చోట 3 అంటించి బొటనవేలితో ఒత్తాను. పది క్షణాలు పట్టిందేమో. కార్డుల మీద తయారీ వాళ్ళు వేసిన అంకెలు చీమ తలంత ఉంటాయి, అవి లేబుళ్ళ కిందే ఉండిపోయాయి. గదిలో కెమెరా ఉంది గాని, రాకు తలుపు తెరిస్తే ఆ తలుపే దానికి అడ్డం. ఫోన్లు గుమ్మం దగ్గరే పెట్టి రావాలి కాబట్టి అంతకు ముందు ఎవరూ ఫోటో తీసి ఉండరు. ఇవన్నీ నేను ఆ పది క్షణాల్లోనే ఆలోచించానా? ఆలోచించలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. చేతులు చేసేశాయి, బుద్ధికి తెలియదు అని. మరి తలుపు వేసే ముందు కెమెరా వైపు ఎందుకు చూశాను?

మేనేజర్ మేడమ్, వెంట ఇంకో ఇద్దరు పరుగున వచ్చారు. ఖాళీ పెట్టె పట్టుకుని యాదగిరీ వచ్చాడు. మేడమ్ రాకు వెనక్కి తొంగి చూసి, చేతిలో ఉన్న కాగితం మీది గడుల బొమ్మతో లేబుళ్ళను పోల్చి, "ఏది తీశారు?" అని అడిగారు.

"లేబుల్ ప్రకారమే తీశాను మేడమ్" అన్నాను.

అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. యాదగిరి పేరు ఎత్తనే లేదు. చాలా ఏళ్ళు దీన్ని కూడా నా మంచితనం ఖాతాలో వేసుకున్నాను. అతను లేబుల్ అంటించాడు. నేను అతనికి తప్పు అంటించాను, అంటీ అంటనట్టు.

రెండున్నర గంటలు కష్టపడి యంత్రాన్ని నిలబెట్టాను. అది మాత్రం నిజంగానే బాగా చేశాను. గల్లంతైన నమోదులు మాత్రం రాలేదు. ఆ పొద్దున పరగడుపున వచ్చి రక్తమిచ్చిన కొందరు మర్నాడు మళ్ళీ పరగడుపున వచ్చి, మళ్ళీ చెయ్యి చాపారు. వాళ్ళు ఎవరో నాకు తెలియదు. వాళ్ళకి నేనూ తెలియదు. తెలిసినవాడొకడున్నాడు, అతని సంగతి చెబుతాను.

పని అయ్యాక సంచి సర్దుకుని మెట్ల దగ్గరికి వచ్చాను. టీ మిషన్ పక్కన యాదగిరి నిలబడి ఉన్నాడు. చేతిలో కప్పు. తాగడం లేదు.

"సార్, ఒక్క మాట అడుగుత. ఏమనుకోకుండ్రి."

"అడుగన్నా."

"మీరు ఎనుక తలుపు తీసినప్పుడు, ఆ లేబుళ్ళు గట్లనే ఉండెనా?"

అతను నిలదీయడం లేదు. గొంతులో అనుమానం లేదు. దారి తప్పినవాడు దారి అడిగినట్టు అడిగాడు. నేను కాదని ఒక్క మాట అంటే చాలు. మేడమ్ గది పన్నెండడుగుల దూరంలో ఉంది.

"అలాగే ఉన్నాయన్నా."

"మూడు కాడ ఆరు, ఆరు కాడ మూడు?"

"అవును."

తల ఊపాడు. కప్పులోకి చూశాడు. "ఒకటి జర వంకరగ ఉన్నది సార్. నేను ఎన్నడు వంకరగ అంటియ్యను." మళ్ళీ తనే అన్నాడు. "అంటిచ్చిననేమో. ఆ రాకు ఎక్కిచ్చిన దినం బిడ్డకు జ్వరం. మస్తు పరేషాన్ల ఉంటి. రెండు ఒక్క పట్టీ మీదనే కొట్టిన, అటుదిటు ఇటుదటు అయ్యుంటది. అంతే సార్. అప్పుడే అయ్యుంటది."

చూశారా? నా అబద్ధానికి సాక్ష్యం కావలసి వస్తే, అది కూడా అతనే వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మీకు గూడ మాట తెచ్చిన సార్. మాఫ్ జెయ్యుండ్రి."

"పోనీలే అన్నా, అందరికీ జరుగుతుంది" అన్నాను.

నేను అతన్ని క్షమించాను! ఈ వాక్యం రాస్తుంటే చెవులు కాలుతున్నాయి. లేబుళ్ళు మార్చడం భయంతో చేశాననుకుందాం. మేడమ్‌కి చెప్పిన అబద్ధం కూడా భయమే అనుకుందాం. కానీ అతని భుజం మీద చెయ్యి వేసి పోనీలే అన్నది ఏమిటి? అప్పుడు నన్నెవరూ తరమడం లేదు. ఫోను మోగడం లేదు. ఆ మాటలో నాకు ఎక్కడో పెద్దమనిషినన్న సుఖం కూడా తగిలింది, అబద్ధం ఎందుకు.

విచారణ మూడు రోజుల్లో ముగిసింది. నా నివేదికలో మూల కారణం అన్న చోట "లేబుల్ తప్పు" అని నేనే రాశాను. దీపం చూశారా అని ఒకరు అడిగారు. కేబుళ్ళు అడ్డం వచ్చాయన్నాను, అది నిజమే కాబట్టి గొంతు కూడా వణకలేదు. మా కంపెనీ నాకు ఒక మెచ్చుకోలు పత్రం ఇచ్చింది, ఒత్తిడిలో నిబ్బరం చూపినందుకట. యాదగిరికి నీలం పట్టీ రాలేదు. నెలాఖరుకి ఆకుపచ్చదీ తీసుకున్నారు.

నిజం చెప్పి ఉంటే నాకేమయ్యేది? ఈ ప్రశ్న వందసార్లు వేసుకున్నాను. తప్పు కార్డు లాగడం మా వృత్తిలో వినని వింత కాదు. ఒక మెమో వచ్చేది. ఆ కస్టమర్ దగ్గరికి ఇంకొకరిని పంపేవాళ్ళు. మహా అయితే ఆ ఏడు పైమెట్టు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నా మీద పడితే గీరుకుపోయే దెబ్బ, అతని మీద పడి ఎముక విరిచింది. అది నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ అటే తోశాను. చెడిన కార్డు ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు జీతమిచ్చేవాళ్ళు. ఆ గదిలో చెడినది ఏదో ఆ పూట ఎవరికీ దొరకలేదు, సంచి సర్దుకుని బయటికి వచ్చేసింది.

ఇక్కడితో అయిపోతే, పాత తప్పు, కాలం కప్పేసింది అని ఊరుకునేవాణ్ణేమో. రెండేళ్ళ కిందట తెల్లాపూర్‌లో ఒక సహోద్యోగి కొత్త ఫ్లాటులో పాలు పొంగిస్తుంటే వెళ్ళాను. కింద పార్కింగులో కారు పెట్టి వస్తుంటే, కరెంటు మీటర్ల గది తలుపు తెరిచి ఉంది. లోపలి నుంచి మాటలు.

"నర్సింలూ, జర నువ్వు సదువు."

"ఇప్పుడే సదివితి గదనే! ఎన్నిసార్లు సదవాలె, పరీక్షనా ఏంది?"

"ఇంకొక్కసారి సదువురా నాయనా. నా కండ్లను నమ్మరాదు."

యాదగిరి. ఆ ఫ్లాట్ల సముదాయంలో కరెంటు పనులు చూసే సిబ్బందిలో ఉన్నాడు, నర్సింలు అతని తోటి పనివాడు. కళ్ళజోడు పెట్టాడు. నన్ను చూడగానే మొహమంతా నవ్వు. దాక్కుందామనుకున్నాను. స్తంభం చాటుకి రెండడుగులు కూడా వేశాను. వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"సార్! బాగున్నరా? ఆ దినం మీరున్నరు గాబట్టి సరిపాయె. లేకుంటే నా తప్పుకు ఇంకెంత నష్టమయ్యేదో. ఇంట్ల గూడ మీ ముచ్చట జెప్పిన."

జోడు వైపు చూశానని గమనించినట్టున్నాడు. "ఉత్త అద్దాలే సార్, ధైర్యానికి పెట్టుకున్న. రెండు దవాఖానల్ల సూపిచ్చిన. కండ్లు మంచిగనే ఉన్నయన్నరు. మరి గట్లెట్లయిందో నాకు సమజ్ గాలే" అన్నాడు. ఇక్కడ సూపర్‌వైజర్ పని ఇస్తామన్నారట. మీటర్లకీ స్విచ్చులకీ నంబర్లు వేసే బాధ్యత అందులో ఉందని వద్దన్నాడట. "మల్ల ఏడనన్న తప్పు అంటిస్తే?" అన్నాడు.

నేను ఏమన్నానో తెలుసా? ఆరోగ్యం జాగ్రత్తన్నా అన్నాను. లిఫ్టు వచ్చింది. ఎక్కేశాను. పైన పాలు పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

అతని ఉద్యోగమే తీశాననుకుంటూ ఏడేళ్ళు గడిపాను. కాదు. మూలలు గుండ్రంగా కత్తిరించి, ఒక కన్ను మూసి, వెంట్రుకవాసి వంకర పట్టే మనిషికి తన కళ్ళ మీద తనకి నమ్మకం లేకుండా చేశాను. డాక్టర్లు ఇద్దరు బాగున్నాయన్నా నమ్మడం లేదు. నేనన్న ఒక్క "అవును"ను నమ్మాడు.

ఆ తరవాత మూడుసార్లు తెల్లాపూర్ దాకా వెళ్ళాను. గేటు ముందు బండి ఆపి, కాసేపు కూర్చుని, తిరిగి వచ్చాను. ఒకసారి అతను గేటు దగ్గరే కనిపించాడు. హారన్ కొట్టలేదు. ఎదురుగా నిలబడి చెప్పలేనివాడు కాగితం మీద చెప్పడం సగం పనే, నాకు తెలుసు. దీనికి మీరు నన్ను మెచ్చుకోవద్దు. జాలీ పడొద్దు. రేపు నాలుగోసారి బయలుదేరతానో లేదో కూడా మాట ఇవ్వను. నా మాట విలువ ఎంతో ఇప్పటికే చదివారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇది రాస్తుంటే, చాలా ఏళ్ళ తరవాత మొదటిసారి, ఊపిరి కింది దాకా దిగుతోంది. అది న్యాయమని అనను. దిగుతోందంతే.

ఇందులో నా పేరు లేదు. కంపెనీల పేర్లు లేవు. నర్సింలు పేరు మార్చాను. అతని పేరొక్కటే మార్చలేదు. ఎవరైనా చదివి, ఎప్పుడైనా అతనికి వినిపిస్తే, ఇది తన సంగతేనని అతనికి తెలియాలి.

యాదన్నా, ఆ లేబుళ్ళు నువ్వు సరిగ్గానే అంటించావు. మూడు మీద మూడే ఉంది. ఆరు మీద ఆరే ఉంది. రెండూ నిటారుగా ఉన్నాయి. నేను చూశాను.